జిడ్డు సోదరుల దూరదేశ యాత్రలు

దేశాటనము వలన మనుజునకు లోకజ్ఞానము కలుగునని పెద్దలు చెప్పుదురు. క్రొత్త ఊళ్లు, క్రొత్త భాషలు, క్రొత్త ఆచారములు చూచిన వాని బుద్ధి వికసించుననుట నిజమే. కాని పరదేశమున అడుగిడిన వానికి వింతలు చూచిన ఆనందముతోపాటు ఒంటరితనము కూడ తప్పదు. తన మాట తెలిసినవారు అచ్చట ఉండరు. తాను పుట్టిన వీధిని, ఆడుకొన్న అరుగును, తన తల్లి ముఖమును ఎరిగినవారు అసలే ఉండరు. అట్టిచోట తోడబుట్టినవాడు ప్రక్కనున్నచో, ఇల్లే వెంటవచ్చినంత ధైర్యము కలుగును.

రాయలసీమలో పుట్టిన ఇద్దరన్నదమ్ములు 1911 మొదలు 1925 వరకు, అనగా పదునాలుగేండ్లకు పైగా, ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు, ఆస్ట్రియా, ఆస్ట్రేలియా, అమెరికా దేశములలో తిరిగిరి. అన్న జిడ్డు కృష్ణమూర్తి. ఆయన తరువాతి కాలమున తత్త్వవేత్తగా లోకమంతట పేరొందెను. తమ్ముడు నిత్యానందుడు. ఆతని పేరు నేడు తెలిసినవారు కొద్దిమందియే. కాని ఆ తమ్ముని కథ తెలియనిచో అన్న కథ సగమే తెలిసినట్లగును.

బాల్యము

కృష్ణమూర్తి 1895వ సంవత్సరము మే నెలలో, నాడు కడప మండలమున చేరియుండిన మదనపల్లెలో జన్మించెను. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానమగుటచే ఆ బిడ్డకు దేవకీదేవి ఎనిమిదవ బిడ్డయైన శ్రీకృష్ణుని పేరు పెట్టుకొనిరి. మూడేండ్లకు, 1898లో, నిత్యానందుడు పుట్టెను.

తండ్రికి కడపకు బదిలీ యయ్యెను. ఆ కాలమున కడప ప్రాంతము చలిజ్వరమునకు పేరుమోసినది. రెండేండ్ల కృష్ణమూర్తి ఆ జ్వరము తగిలి చావుబ్రతుకుల నడుమ ఊగిసలాడెను. ఈ జ్వరము దోమకాటు వలన వచ్చునని అప్పటికి ఎవ్వరును ఋజువు చేయలేదు. దాదాపు ఆ రోజులలోనే, 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు చెంతనున్న బేగంపేటలో రొనాల్డు రాసు అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ పరిశోధన ఫలితముగా ఆయనకు 1902లో నోబెలు బహుమానము లభించెను. కాని శాస్త్రజ్ఞుడు తెలిసికొన్న సత్యము పల్లెటి యింటికి చేరుటకు చాల కాలము పట్టును. కృష్ణమూర్తికి జ్వరము మరల మరల వచ్చుచునే యుండెను. బడికి పోవుట తరచుగా ఆగిపోయెను.

అందుచే అన్న చదువు వెనుకబడెను. తమ్ముడు చురుకైనవాడు, చదివినది వెంటనే పట్టుకొనెడివాడు. అన్న తనలో తానే ఉండెడివాడు. మేఘములను, చెట్లను, చీమలను గంటలకొలది చూచుచు కూర్చుండెడివాడు. పేద బాలుడెవడైన కనబడినచో తన పలకను, బలపమును ఇచ్చివేసి వట్టిచేతులతో ఇల్లు చేరెడివాడు. ఇట్టి బాలునకు యంత్రములయందు మాత్రము మిక్కిలి ఆసక్తి. ఒకనాడు తండ్రి గడియారమును ఊడదీసి, దానిని తిరిగి బిగించువరకు బడికిగాని భోజనమునకుగాని కదలనని కూర్చుండెను.

1905లో సంజీవమ్మ మరణించెను. అప్పటికి పెద్దవానికి పదేండ్లు, చిన్నవానికి ఏడేండ్లు. తల్లి లేని ఆ యింటిలో ఒకరికొకరు తోడై పెరిగిరి.

అడయారు తీరమున

నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజమున సభ్యుడు. ఉద్యోగవిరమణానంతరము ఆయన 1909 జనవరిలో కుమారులతో మదరాసు చేరెను. అడయారు నదీముఖమున ఆ సమాజమునకు విశాలమైన ఆవరణము కలదు. దాని చెంత ఒక చిన్న యింటిలో వారు కాపురముండిరి. పిల్లలు మైలాపూరులోని బడికి నడచి పోయివచ్చుచుండిరి.

ఆ బడిలో కృష్ణమూర్తి మందబుద్ధియని పేరుపడెను. ఉపాధ్యాయుడు బెత్తముతో కొట్టి, తరగతినుండి వెలుపలికి పంపి, ఆ సంగతియే మరచిపోయెడివాడు. బాలుడు పొద్దుపోవువరకు వరండాలో ఏడ్చుచు నిలుచుండెడివాడు. అప్పుడు నిత్యానందుడే వచ్చి, అన్న చేయి పట్టుకొని ఇంటికి తీసికొనిపోయెడివాడట.

1909లో అడయారు ఇసుకతిన్నెపై ఆడుకొనుచున్న ఈ బాలుని చార్లెసు లెడ్బీటరు అను సమాజ ప్రముఖుడు చూచెను. లోకమునకు రానున్న జగద్గురువునకు ఈ బాలుడే తగిన పాత్రమని ఆయన ప్రకటించెను. సమాజాధ్యక్షురాలైన అనీబిసెంటు ఆ మాటను విశ్వసించి, 1910లో తండ్రి సమ్మతితో ఆ బాలుని సంరక్షణభారమును స్వీకరించెను. సోదరులను విడదీయుట ఎవరి తరమును కాకపోవుటచే నిత్యానందుని కూడ చేర్చుకొనెను.

ఆ విశ్వాసము సరియైనదా కాదా అను చర్చ అట్లుంచుదము. పదునాలుగేండ్ల బాలునిపై అంత బరువు పెట్టినచో వాని బాల్యమేమగునో ఊహింపవచ్చును. పరిచారకులు, ఉపాధ్యాయులు, భక్తులు నిత్యము చుట్టుకొని యుండెడివారు. వారందరికి కృష్ణమూర్తి కాబోవు జగద్గురువు. నిత్యానందునకు మాత్రము అన్నయే.

మొదటి సముద్రయానము

1911 ఏప్రిలు 22వ తేదీన అనీబిసెంటు సోదరులిరువురను వెంటబెట్టుకొని బొంబాయిలో 'మాంటువా' అను ఓడ నెక్కెను. అప్పటికి అన్నకు పదునారవ యేడు నిండబోవుచుండెను. తమ్మునికి పదుమూడు నిండలేదు. పంచె కట్టుకొని తిరిగిన బాలురకు ఐరోపా దుస్తులు కుట్టించిరి. చిన్ననాటినుండి చెప్పులెరుగని పాదములకు తోలుబూట్లు తొడిగిరి. అవి పాదములను ఒరసి మిక్కిలి బాధపెట్టెను.

సూయజు కాలువ మీదుగా ఐరోపా చేరి, మే 5వ తేదీన వారు లండను నగరమున చేరింగుక్రాసు స్టేషనులో దిగిరి. కాబోవు గురువును చూచుటకు సమాజసభ్యులు గుంపులుగా వచ్చియుండిరి. ఆ గుంపులో ఎమిలీ లట్యెన్సు అను గొప్ప యింటి స్త్రీ కలదు. తరువాత క్రొత్తఢిల్లీ నగరమును నిర్మించిన శిల్పి ఎడ్విను లట్యెన్సు ఆమె భర్త. ఆక్సుఫర్డులో ఒక తోటవిందున తాను చూచిన దృశ్యమును ఆమె పెద్దవయసున జ్ఞాపకము చేసికొనెను. మే నెలయైనను ఆనాడు చలి గడ్డకట్టునట్లుండెను. పెద్ద కోటులలో మునిగిపోయి, ఇద్దరు హిందూదేశపు పిల్లలు వణకుచు దిక్కులేనివారివలె నిలుచుండిరి. వారిని దగ్గరకు తీసికొని తల్లివలె లాలింపవలెనని ఆమెకు తోచెనట. నాటినుండి ఆమె వారికి జీవితాంతము ఆప్తురాలయ్యెను.

పరదేశమున మనలను గొప్పచేయువారు దొరకవచ్చును. మన చలిని గుర్తించువారు దొరకుట అరుదు. ఆ తోటలో ఒకరి చలి ఒకరికి తెలిసినది ఆ సోదరులకే.

న్యాయస్థానముల నడుమ

సోదరులు అదే సంవత్సరము చివర భారతదేశమునకు మరలివచ్చి, 1912 ప్రారంభమున మరల ఐరోపాకు పయనమైరి. ఈసారి మొదట ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమున టావోర్మీనా అను ఊరిలో కొంతకాలముండి, పిదప ఇంగ్లండు చేరిరి. ఇంతలో తండ్రి మనసు మారెను. తన కుమారులను తనకు అప్పగింపవలెనని ఆయన మదరాసు హైకోర్టులో అనీబిసెంటుపై వ్యాజ్యము వేసెను. 1913లో తీర్పు తండ్రికి అనుకూలముగా వచ్చెను. అనీబిసెంటు లండనులోని ప్రీవీ కౌన్సిలుకు అపీలు చేయగా 1914లో ఆమె గెలిచెను.

ఈ వ్యాజ్యమును గూర్చి పత్రికలలో గొప్ప సంచలనము కలిగెను. ఒకవైపు కన్నతండ్రి, ఒకవైపు తల్లివలె పెంచుచున్న వృద్ధురాలు. ఎవరిని కాదన్నను నొప్పియే. ఇంగ్లండులో ఊరూరు మారుచు ఉపాధ్యాయులవద్ద చదువుకొనుచున్న ఆ బాలురకు ఇంటినుండి అందిన వార్త ఇదియే. ఇంతలో ప్రపంచయుద్ధము వచ్చెను. వారు మాతృదేశమును మరల చూచుటకు దాదాపు పదియేండ్లు పట్టెను.

పరీక్షలు

కృష్ణమూర్తిని ఆక్సుఫర్డులో చేర్పింపవలెనని అనీబిసెంటు కోరిక. జగద్గురువన్న ప్రచారము, కోర్టు వ్యవహారము చూచి అచ్చటి కళాశాలలు ఆతనిని చేర్చుకొనలేదు. కావున లండను విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ఇరువురును చదివిరి. నిత్యానందుడు గౌరవస్థానముతో ఉత్తీర్ణుడయ్యెను. కృష్ణమూర్తి మరల మరల ప్రయత్నించియు తప్పెను.

తమ్ముడు గెలిచి అన్న ఓడినచోట సామాన్యముగా ఈర్ష్య మొలకెత్తును. లేదా చిన్నవానికి గర్వము పుట్టును. అన్నకు లోకమంతట పూజలు జరుగుచుండ, తెలివిగల తమ్ముని ఎవరును పట్టించుకొనరేమను కినుక పుట్టుటకు కూడ అవకాశము కలదు. వీరి నడుమ అట్టివి ఇల్లు కట్టలేదు. నిత్యానందుడు న్యాయశాస్త్రము చదువుచు లండనులో ఉండెను. కృష్ణమూర్తి 1920లో ఫ్రెంచి భాష నేర్చుకొనుటకు పారిసు పోయెను.

ఇంగ్లండులో గడచిన ఆ యేండ్లలో కృష్ణమూర్తి ఒక వస్తువును పోగొట్టుకొనెను. అది తెలుగు. చుట్టును ఇంగ్లీషు మాటాడువారే యగుటచే అమ్మ నేర్పిన పలుకులు ఒక్కొక్కటిగా జారిపోయెను. కొంతకాలమునకు ఆతడు తెలుగు మాటాడలేనివాడయ్యెను. మాటలు నిజముగా నశించెనా, లోపలెక్కడనో దాగియుండెనా అను సంగతి తరువాత తెలియగలదు.

మంచి గాలిని వెదకికొనుచు

1921లో నిత్యానందునకు దగ్గు పుట్టి నోట రక్తము పడెను. పరీక్షింపగా క్షయ అని తేలెను. అన్న ఆతనిని పారిసు సమీపమున వైద్యుని పర్యవేక్షణలో ఉంచి, పిదప స్విట్జర్లాండు కొండలలోని విల్లారునకు చేర్చెను. ఇంతకాలము లోకమును చూచుటకో, చదువుకో, సమాజకార్యములకో తిరిగిన సోదరులు నాటినుండి మంచి గాలిని వెదకికొనుచు తిరుగవలసినవారైరి.

క్షయ క్రిమిని రాబర్టు కాకు 1882లోనే కనుగొనెను. కాని దానిని చంపు మందు అప్పటికి లేదు. పొడిగాలి, ఎండ, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవియే చికిత్స. వింతయేమనగా, ఈ సోదరులు పుట్టిన మదనపల్లె మంచి గాలికి పేరుపొందుటచే, అచ్చట ఆరోగ్యవరమను చోట క్షయరోగులకు ఒక చికిత్సాలయము అప్పటికే వెలసియుండెను. దక్షిణదేశపు రోగులు ఆ ఊరికి పోవుచుండ, ఆ ఊరి బిడ్డ ఖండములు దాటుచుండెను. స్ట్రెప్టోమైసిను అను ఔషధమును 1943లో కనుగొనిన పిదపగాని క్షయకు సరియైన మందు లభింపలేదు. నేడు క్రమముగా మందు పుచ్చుకొనినచో ఆ వ్యాధి నయమగును.

1921 డిసెంబరులో సోదరులు బొంబాయిలో దిగి, అడయారు చేరి, తండ్రిని దర్శించిరి. 1922 మార్చిలో సమాజకార్యముపై కొలంబో మీదుగా ఆస్ట్రేలియాకు పోయిరి. సిడ్నీ నగరమున పరీక్షింపగా వ్యాధి ముదిరినట్లు తెలిసెను. స్విట్జర్లాండునకు మరలిపోవుట మంచిదని వైద్యులు చెప్పిరి. హిందూమహాసముద్రపు వేడిని తప్పించుటకై పసిఫికు మార్గమున అమెరికా మీదుగా పోవ నిశ్చయించుకొనిరి. అమెరికా సమాజ కార్యదర్శియైన వారింగ్టను, కాలిఫోర్నియాలో ఒహాయి లోయ యొక్క పొడిగాలి క్షయరోగులకు హితమని చెప్పి, దారిలో అచ్చట ఆగుడని కోరెను.

ఒహాయి లోయ

1922 జులై మొదటి వారమున వారు సానుఫ్రాన్సిస్కోలో దిగిరి. చెంతనున్న బర్కిలీ విశ్వవిద్యాలయమున యువతీయువకులు బెరుకులేక కలసిమెలసి తిరుగుట చూచి కృష్ణమూర్తి మిక్కిలి ముగ్ధుడయ్యెను. ఆ దేశమున వర్ణభేదము లేదని మాత్రము తలపరాదు. మరుసటి యేడు, అనగా 1923 ఫిబ్రవరిలో, భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండు అను వాని వ్యాజ్యమున తీర్పుచెప్పెను. ఒక దేశమునందే ఆదరము, నిరాదరము రెండును ఉండుననుట యాత్రికుడు తెలిసికొనవలసిన పాఠము.

లాసేంజిలిసు నగరమునకు 80 మైళ్ల దూరమున, చుట్టును కొండలు, నడుమ నారింజతోటలతో ఒహాయి లోయ యుండును. వేసవిలో ఎండ, ఎర్రని నేల, రాతిగుట్టలు చూచినవారికి రాయలసీమ జ్ఞప్తికి వచ్చును. ఒకరు ఎరువిచ్చిన చిన్న కుటీరమున సోదరులు దిగిరి. చిన్నతనము తరువాత చుట్టును భక్తులు లేక, సభలు లేక, వారిరువురు నెమ్మదిగా ఉండగలుగుట అదియే మొదలు. అన్న తమ్మునకు పరిచర్య చేసెను.

ఆ యేడు ఆగస్టులో కృష్ణమూర్తి జబ్బుపడినవానివలె కొన్ని దినములు బాధపడి, కుటీరము ముంగిటనున్న మిరియపు జాతి చెట్టు క్రింద కూర్చుండగా ఆతనికి అపూర్వమైన శాంతి అనుభూతమయ్యెను. ఆ సంగతులను వివరముగా వ్రాసియుంచినవాడు నిత్యానందుడే. రోగియైన తమ్ముడు ప్రక్కన కూర్చుండి అన్నను కనిపెట్టుకొని యుండెను. ఇట్లు రోగి ఎవడో, కావలి ఎవడో చెప్పలేని స్థితి ఆ యింట ఏర్పడెను.

నిత్యానందునకు కొంత నెమ్మదించెను. 1923లో అచ్చటనే ఒక ఇల్లును, కొంత భూమిని వారికొరకు సంపాదించి 'ఆర్యవిహార' మని పేరు పెట్టిరి. అదే యేడు వేసవిలో వారు ఐరోపా పోయి, వియన్నా సభలో పాల్గొని, ఆస్ట్రియా కొండలలో ఎర్వాల్డు అను పల్లెయందు విశ్రమించిరి. మరుసటి యేడు ఇటలీలో పెర్జినే అను ఊరి కోటలో కొంతకాలముండిరి. ఒకప్పుడు ఓడ ప్రయాణము ఆ బాలురకు వింత. ఇప్పుడది జీవితమే యయ్యెను.

తుది వీడ్కోలు

1924 చివర భారతదేశమునకు వచ్చునప్పుడు వ్యాధి మరల తలయెత్తెను. 1925లో సిడ్నీకి పోయిరి. చెంతనున్న నీలికొండలలో కొంతకాలము నిత్యానందుని ఉంచిరి. ఫలము లేకపోయెను. జులైలో మరల పసిఫికును దాటి ఒహాయి చేర్చిరి. అప్పటికి ఆతడు మిక్కిలి కృశించియుండెను.

ఆ డిసెంబరులో అడయారునందు దివ్యజ్ఞాన సమాజపు ఏబదియేండ్ల ఉత్సవము. దానికి కృష్ణమూర్తి రాక తప్పదు. తమ్ముని విడిచిపోవుట ఆతనికి ఎంతమాత్రము ఇష్టము లేదు. కాని అదృశ్యులైన గురువులు నిత్యానందుని కాపాడుదురని, జగత్కార్యమునకు ఆతని ప్రాణము అవసరమని పెద్దలు హామీ యిచ్చిరి. కృష్ణమూర్తియు దానిని మనసార నమ్మెను. ఆ నమ్మకముతోనే ఒహాయినుండి బయలుదేరి, ఐరోపా చేరి, 1925 నవంబరు 8వ తేదీన అనీబిసెంటుతో కూడ నేపుల్సు రేవున ఓడ నెక్కెను.

పదునాలుగేండ్లుగా ఒక ఓడలో ఇద్దరు పోవుట వాడుక. ఈసారి ఒక్కడే పోవుచుండెను.

నవంబరు 13వ తేదీన నిత్యానందుడు ఒహాయిలో కన్నుమూసెను. ఆతని వయసు ఇరువదియేడేండ్లు. ఆ వార్త తంతిమీద వచ్చి, ఓడ సూయజు కాలువ ప్రవేశించు సమయమున అన్నకు అందెను. 1911లో ఇరువురు బాలురు చేతులు పట్టుకొని మొదట దాటిన జలమార్గము అదియే.

ఆ ఓడలో కృష్ణమూర్తితో ఒకే గదిలో ప్రయాణము చేసినవాడు బి. శివరావు. ఆయన తరువాత పత్రికారచయితగాను, రాజ్యాంగసభ సభ్యుడుగాను ప్రసిద్ధుడయ్యెను. ఆ రాత్రులను గూర్చి ఆయన చెప్పిన సంగతి చదువరుల హృదయమును కదిలించును. పగలు ఎట్లో నిబ్బరముగానుండుటకు ప్రయత్నించు కృష్ణమూర్తి, రాత్రులయందు విలపించుచు, మూలుగుచు, నిత్యానందుని పేరుపెట్టి పిలిచెడివాడు. ఆ పిలుపు ఒక్కొక్కప్పుడు తెలుగులో ఉండెడిది. మేల్కొనియున్నప్పుడు ఆతనికి ఒక్క తెలుగు మాటయు రాదు. కలతనిద్రలో మాత్రము, కడప యింటి భాష, తల్లి పలికిన భాష, తమ్మునితో ఆడుకొన్న భాష పైకి పొంగివచ్చెను.

మాతృభాష నాలుకమీద మాత్రమే యుండునది కాదు. పెరిగిన దేశము దానిని కప్పివేయవచ్చును, తుడిచివేయలేదు. దుఃఖము హృదయమును చీల్చినప్పుడు అడుగుననుండి వెలికివచ్చునది అదియే. కృష్ణమూర్తి పోగొట్టుకొనినది తమ్ముని మాత్రమే కాదు. సంజీవమ్మ చేతి అన్నమును, మైలాపూరు వరండాను, కరచిన బూట్లను, ఆక్సుఫర్డు చలిని తనతో పంచుకొనిన ఏకైక సాక్షిని పోగొట్టుకొనెను.

దుఃఖము నేర్పిన పాఠము

సుమారు పది దినములకు ఓడ కొలంబో చేరునప్పటికి కృష్ణమూర్తి ముఖమున ప్రశాంతత నెలకొనెను. ఆ మార్పును చూచి శివరావు ఆశ్చర్యపడెను. తన దుఃఖమును ఆతడు దాచుకొనలేదు. దానికి ఊరట చెప్పు కథలను కూడ వెదకలేదు. దానిని సూటిగా చూచెను. పెద్దలిచ్చిన హామీ నిలువలేదు. ఇతరుల మాట విని నమ్మిన నమ్మకము ఆపత్కాలమున చేయి పట్టుకొనదని ఆతడు అనుభవమువలన గ్రహించెనని ఆతని తరువాతి నడవడి చూచినవారికి తోచును.

నాలుగేండ్లు గడచెను. 1929 ఆగస్టు 3వ తేదీన, హాలండు దేశమున ఓమెను అను చోట, వేలమంది అనుయాయుల ఎదుట, ఆతడు తన కొరకు స్థాపింపబడిన నక్షత్రసంఘమును రద్దుచేసెను. తాను ఎవరికిని గురువును కానని, సత్యమును చేరుటకు ఎవరికివారే ప్రయత్నింపవలెనని తెలిపెను. తనకు సమర్పించిన భూములను, ధనమును ఇచ్చినవారికి మరలించెను. అధికారము తనంత తాను వచ్చి ఒడిలో పడగా దులుపుకొని లేచినవారు చరిత్రలో అరుదు.

ఆ తరువాత ఏబదియేండ్లకు పైగా ఆయన దేశదేశములు తిరిగి ప్రసంగించెను. తాను పుట్టిన మదనపల్లె సమీపమున ఋషివాలీ విద్యాలయమును నెలకొల్పెను. భయము లేనిచోటనే విద్య వికసించునని ఆయన పదే పదే చెప్పెడివాడు. బెత్తపు దెబ్బలు తిని వరండాలో నిలుచున్న బాలుడు పెద్దవాడై అట్టి మాట చెప్పుటలో వింత లేదు. 1986 ఫిబ్రవరి 17వ తేదీన, తొంబదియేండ్ల వయసున, ఆయన ఒహాయిలో దేహము చాలించెను. అరువదియేండ్లకు పూర్వము తమ్ముడు కన్నుమూసిన లోయయే అన్నకును తుది మజిలీ యయ్యెను.

నేటి తెలుగు కుటుంబముల బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములకు పోవుచున్నారు. సికిందరాబాదు స్టేషనులో రైలెక్కించి కన్నీటితో పంపు కాలము పోయి, ఒక్క దినములో ఖండాంతరము చేర్చు విమానములు వచ్చినవి. దారి దగ్గరయైనను పరదేశపు చలి తగ్గలేదు. అట్లు పోవు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఈ కథవలన తెలిసికొనవలసినది కలదు. ఒకరు గెలిచినప్పుడు ఒకరు కుంగరాదు. ఒకరు జబ్బుపడినప్పుడు ఒకరు దూరము కారాదు. ఇంటి మాటను పరస్పరము మాటాడుకొనుచుండవలెను. ఏలయన, లోకమంతయు మనలను గొప్పవారని పొగడినను, చిన్నవారని త్రోసినను, మనము ఎవరమో మొదటినుండి ఎరిగినవారు తోడబుట్టినవారే.

ప్రశ్నలు

1. కడపలో కృష్ణమూర్తికి కలిగిన వ్యాధియెట్టిది? ఆ వ్యాధిని గూర్చి సికిందరాబాదులో జరిగిన పరిశోధనను వివరింపుము.
2. అనీబిసెంటునకును నారాయణయ్యకును జరిగిన వ్యాజ్యము సోదరుల జీవితమును ఎట్లు మార్చెను?
3. మెట్రిక్యులేషను పరీక్షా ఫలితములు సోదరుల నడుమ ఈర్ష్యను కలిగింపకపోవుటకు కారణమేమని నీవు తలచుచున్నావు?
4. నిత్యానందుని ఒహాయి లోయకు తీసికొనిపోవుటకు గల కారణములను తెలుపుము.
5. ఓడలో కృష్ణమూర్తి తెలుగులో పిలుచుటవలన మాతృభాషను గూర్చి మనకు తెలియునదేమి?
6. నిత్యానందుని మరణమునకును, 1929లో కృష్ణమూర్తి చేసిన నిర్ణయమునకును గల సంబంధమును చర్చింపుము.